గోడ తీసేసే సార్

"నా బిడ్డకు చెవులు వినవడయేమో సార్."

ఫోన్‌లో నా గొంతు వణుకుతోందని నాకే తెలుస్తోంది.

"ఎట్ల తెలిసింది?"

"వెనక నిలవడి చప్పట్లు కొట్టిన. పళ్లెం మీద గంటెతోని కొట్టిన. తిరగలె."

"కొట్టనప్పుడు ఏం చేసింది?"

"కొట్టనప్పుడా?"

"ఆఁ. ఏం కొట్టకుంట వెనక ఊకె నిలవడ్డప్పుడు."

"ఊకె నిలవడి చూడలే సార్."

"చూడాలె కదమ్మ," అన్నారు సామేలు సార్, నేనేదో ఉప్పు లేకుండా పప్పు వండినట్టు.

ఇంకెవరైనా అయితే "అట్లేం ఉండదులే" అని ధైర్యం చెప్పేవారు. సామేలు సార్ చెప్పరు. లోకంలో ఏం జరిగినా సరే, అది జరగనప్పుడు అక్కడ ఏముండేదో తెలిసేదాకా దాన్ని నమ్మని మనిషి ఆయన. ఆయనకున్నది ఈ ఒక్క జబ్బే. దానికి మందు లేదు.

కోరుట్లలో డిగ్రీ చదివినప్పుడు మాకు ఫిజిక్స్ చెప్పారు. పెగడపల్లి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఏదో యూనివర్సిటీ ల్యాబులో న్యూట్రాన్లతో, గామా కిరణాలతో చాలా ఏళ్లు కుస్తీ పట్టి, మళ్లీ మా వైపు వచ్చి పడ్డారు. పరమాణు కేంద్రకంలో శక్తి మెట్లు మెట్లుగా ఉంటుందన్నది మా పుస్తకంలో ఒక్క వాక్యం. ఆయన దాన్ని వారమంతా చెప్పారు.

"చీకటింట్ల మెట్లున్నయి. మనకు కనవడయి. ఒకన్ని పట్టుకొని పైకి ఎగదోసినం. న్యూట్రాన్ చేసే పని గదే. పైకి పోయినోడు ఆడనే ఉంటడా? దునుకుకుంట దిగుతడు. దునికినప్పుడల్ల ఒక చప్పుడు. గది గామా కిరణం. చిన్న మెట్టుకు చిన్న చప్పుడు, పెద్ద మెట్టుకు పెద్ద చప్పుడు. మనం బయట కూసొని, చప్పుళ్లు కొలుచుకుంట లోపలి మెట్ల బొమ్మ గీయాలె."

అలా గీస్తూ గీస్తూ ఆయన ఒకసారి అంతవరకు ఎవరికీ దొరకని మెట్టొకటి కనిపెట్టారట. ల్యాబంతా జిలేబీ పంచారట. ప్రొఫెసర్ జిలేబీ నములుతూనే, "న్యూట్రాన్లు ఆపేసి చూశావా?" అని అడిగారట. ఆపేసి చూస్తే ఆ గామా చప్పుడు అలాగే ఉంది. అది కేంద్రకం లోంచి వచ్చింది కాదు, ల్యాబు గోడలోంచి. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే పొటాషియంలో కొద్ది భాగం, ఎవరూ అడగకపోయినా, గామా కిరణాలు వదులుతూనే ఉంటుంది.

"గోడకు జిలేబీ పంచిన," అని ఆయనే చెప్పుకుని నవ్వేవారు. అప్పటి నుంచి దేన్ని కొలిచినా ముందు గోడ ఎంతో చూడాలి, దాన్ని తీసేయాలి, మిగిలిందే నమ్మాలి. మేం ఆయనకు గోడ సార్ అని పేరు పెట్టాం. ఆ సంగతి ఆయనకు తెలుసు. "అందర్ని తీసేసినా నన్ను తీసేయకుండ్రి," అనేవారు.

బస్టాండు ముందు ఇబ్రహీం చాయ్ హోటల్లో ముందు ఒక గ్లాసు వేడినీళ్లు అడిగి, చప్పరించి, ఆ తర్వాతే చాయ్ తాగేవారు.

"నీళ్లు తీసేస్తే నీ చాయ్ మంచిగనే ఉన్నది ఇబ్రహీం."

"నీళ్లు తీసేస్తే నా చాయ్‌ల ఏం మిగుల్తది సార్," అనేవాడు ఇబ్రహీం. "గిరాకీ ముంగట గా లెక్క తీయకుండ్రి."

ఇంట్లో భార్య ఎస్తేరమ్మ గారు కోప్పడితే, "దీంట్ల ఎప్పుడుండే కోపమెంత, ఇప్పుడు నా మీద వచ్చిందెంత?" అని అడిగేవారు.

"ఎప్పుడుండేదే ఎక్కువ," అనేవారు ఆమె బియ్యం చెరుగుతూ. "తీసేస్తే నువ్వే నాకు బాకీ పడ్తవ్."

సకల జనుల సమ్మె మొదలైనప్పుడు సార్ కూడా కోరుట్ల దీక్షా శిబిరంలో కూర్చున్నారు. అక్కడ మైకు పట్టుకునే జలపతి ఆయన్ని సంతోషంగా అడిగాడు.

"జనాన్ని చూసిండ్రా సార్, ఇసుక పోస్తే రాలది."

"చూసిన. కని బస్టాండు ముంగట రోజు ఊకె నిలవడేటోళ్లను తీసేయాలె."

"బస్సులే బందున్నయి. ఊకె ఎవరు నిలవడ్తరు సార్?"

సార్ చాలాసేపు ఆలోచించారు. "అయితే గోడ సున్న. అందరు మనోళ్లే."

నవ్వితే తప్పేమో అనిపించే రోజులవి. పేపరు తెరిస్తే తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఎవరో ఒక పిల్లవాడి ఫోటో. సార్ ఆ పేపరు మడిచి పక్కన పెట్టి, "దీంట్లకెళ్లి తీసేయనీకి ఏం లేదు," అనేవారని ఎస్తేరమ్మ గారు చెప్పారు. ఆ పూట ఆయన వేడినీళ్లు అడగలేదట, చాయ్ కూడా తాగలేదట.

నేను అప్పటికి సిరిసిల్ల కోడల్ని. ఇక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. మా ఆయన మహేశ్ సాంచెలు నడుపుతాడు. ఇంటికి ఆ పక్క మా షెడ్డు, ఈ పక్క ఇంకొకరిది, ఎదురుగా ఇంకొకరిది. కరెంటు ఉన్నంతసేపు గల్లీ అంతా ఒకటే దడదడ. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. సమ్మెలో బొగ్గు ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి. సాంచెలు ఆగితే కూలి ఆగినట్టే. మగవాళ్లు గడపల మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బీడీలు కాల్చేవాళ్లు.

ఆ రోజుల్లోనే నా భయం మొదలైంది. నా బిడ్డ నిహకు ఏడో నెల. వెనక నుంచి ఎంత పిలిచినా తిరగదు. జగిత్యాలలో మా అమ్మవాళ్లకు తెలిసిన చెవుల డాక్టరున్నాడు. బస్సులు లేవు. మా అత్తమ్మ మల్లక్క కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. "సమ్మె ఒడువనియ్యి, పోదాం," అంది. దేవుడి దగ్గరికి పోవాలన్నా బస్సు నడవాలి కదా.

అప్పుడే సార్‌కు ఫోన్ చేశాను. ఆయన చివరగా అడిగిన ప్రశ్న ఇది.

"కరెంటు పోయినప్పుడు పిల్ల ఏం చేస్తది?"

"ఏడుస్తది సార్. ఫ్యాను ఆగుతది కద, ఉక్కకు."

"ఎంతసేపటికి?"

"వెంటనే."

"ఊఁ," అన్నారు. "వస్తున్న. నేనొచ్చేదాక ఏం కొట్టకు."

మర్నాడు స్కూటర్ మీద వచ్చారు. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల దాకా ఊరూరా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. తింటేగాని ముందుకు పోనివ్వలేదట. మా అత్తమ్మ పళ్లెం తెచ్చేసరికి చేతులు జోడించారు.

"వద్దమ్మ. తెలంగాణ వచ్చేదాక నేను బతకాలంటే ఇంకో ముద్ద తినొద్దు."

పిల్లను ఎత్తుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టాను. ఆయన పిల్లను చూడలేదు. నన్ను చూశారు.

"తిన్నవా?"

"తింట సార్. ముందుగాల పిల్లను చూడుండ్రి."

"పండుకున్నవా?"

"ఏడ పండుకుంటది సార్," అంది అత్తమ్మ. "తెల్లందాక దాని చెవుల కాడ చిటికెలేసుకుంట కూసుంటది."

"అయితే ఇప్పుడు పరీక్ష నడువది," అని సార్ కాళ్లు చాపుకుని కూర్చున్నారు. "గామా కిరణాలను చూసే డిటెక్టరుంటది. దాన్ని మంచుకన్న ఎక్కువ చల్లవెట్టినంకనే పని మొదలువెట్టాలె. వేడి మీద నడిపితే దాని లోపటి లొల్లి దానికే వినవడ్తది, లేని మెట్లు చూపెడ్తది. గీడ డిటెక్టరు నువ్వు. తిని పండుకో."

"నేనా సార్ డిటెక్టరు?"

"మరి రోజు పిల్లను చూసేదెవరు? నేనా? నేను కోరుట్ల పోత."

నాకు ఒళ్లు మండింది. గుండె చేతిలో పట్టుకుని పిలిస్తే వచ్చి పాఠం చెబుతున్నాడీయన. వాదిస్తే ఇంకో పాఠం చెబుతారని, నాలుగు ముద్దలు మింగి, లోపలి అర్రలో ఊరికే కళ్లు మూసుకుందామని ఒరిగాను.

అత్తమ్మ లేపేసరికి ఎండ వాకిలి దాటి పోయింది. సాంచెలు దడదడలాడుతున్నాయి. సార్ చాప మీద ఒక గ్లాసు, చెంచా పెట్టుకుని ఉన్నారు. నిహ ఆయన కళ్లజోడు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది.

"కూసో. కరెంటు పోవుడు కోసం చూస్తున్నం."

షెడ్డులోంచి మహేశ్ తల బయటపెట్టాడు. "సార్, గా మాట జర మెల్లగ అనుండ్రి. కరెంటు పోవాలని కూసున్న మనిషిని సిరిసిల్లల నేనెన్నడు చూడలె. బయట తెలిస్తే తంతరు."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను కూడా అదే కోరుకుంటున్నాను. కరెంటు పోతే మహేశ్ కూలి పోతుంది, ఎదురింటి వాళ్ల పొయ్యి వెలగదు. అయినా పోవాలని కోరుకుంటూ, ఎవరి ముఖమూ చూడలేక తల దించుకుని కూర్చున్నాను.

పోయింది. గల్లీ గల్లీ అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. మరుక్షణం నిహ పెదవి వంకర తిరిగింది, ఏడుపు అందుకుంది.

"చూసినవా?"

"ఉక్కకు సార్."

"పైకి చూడు."

పైకి చూశాను. ఫ్యాను రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. గాలి ఇంకా మా మీదికి వస్తూనే ఉంది.

"ఉక్క ఇంక రానే లేదు. మరి ఎందుకు ఏడ్చింది?"

నేను షెడ్డు వైపు చూశాను. "సాంచెల చప్పుడు ఆగిందని."

"పుట్టినకాంచి దానికి గదే జోలపాట. ఆగితే భయమైంది. ఇగ నువ్వు సైన్సు చదివినదానివి, నేల అదురుడు ఆగినందుకు ఏడ్చిందేమో అంటవ్. అను."

అదే అనబోతున్నాను. ఆయన పిల్లను ఊరుకోబెట్టి అత్తమ్మ ఒడిలో పెట్టారు. వెనక్కి వెళ్లి ఊరికే నిలబడ్డారు. నిహ తిరగలేదు. గ్లాసు మీద చెంచాతో సన్నగా తట్టారు. తిరిగింది. మళ్లీ ఊరికే నిలబడ్డారు. తిరగలేదు. తట్టారు. మళ్లీ తిరిగి, ఈసారి ఆయన్ని చూసి బోసినోటితో నవ్వింది.

"సాంచెలు నడువంగ నువ్వు కొట్టిన చప్పట్లు గోడల కలిసిపోయినయి," అన్నారు. "అయినా డాక్టరుకు చూపెట్టు. నేను ఫిజిక్స్ సార్‌ను, చెవుల సార్‌ను కాదు."

బస్సులు నడిచాక చూపించాం. జగిత్యాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చెవులు బాగున్నాయన్నాడు.

సార్ వచ్చిన రోజు సాయంత్రం, ఆయన స్కూటరెక్కి వెళ్లిపోయాక అత్తమ్మ బోళ్లు తోముతూ తనలో తానే నవ్వుకుంటోంది. ఏందత్తమ్మా అన్నాను.

"నువ్వు పండుకోంగనే ఒకపాలి పోయింది కరెంటు. పోరి ఏడ్చింది, చెంచతోని కొడితే తిరిగింది, అంత అప్పుడే అయిపోయింది. నిన్ను లేపవోతే లేపనియ్యలె. 'ఆగమ్మ, డిటెక్టరు చల్లవడుతున్నది' అన్నడు. గల్లీల పోరగాండ్లు లొల్లి చేస్తుంటే వాకిట్ల నిలవడి ఊకోవెట్టిండు. మళ్ల కరెంటు పోయేదాక గట్లనే కూసున్నడు."

వెంటనే ఫోన్ తీశాను. ఆయన ఇంకా దారిలోనే ఎక్కడో ఉన్నారు. మళ్లీ ఎవరో అన్నం పెడుతున్నారట.

"మొదటిపాలే లేపొచ్చు కద సార్. అసలు ఫోన్లనే చెప్పొచ్చు కద, ఉక్క గంత జల్ది రాదని."

"పిల్ల సంగతి ఫోన్ల తేలింది," అన్నారు. "నీ సంగతి తేలలె. క్లాసుల మూడేండ్లు నీ గొంతు విన్న. ఏం లేనప్పుడు నీ గొంతు ఎట్లుంటదో నాకెరుక. నిన్న ఫోన్ల గా గొంతు కాదు."

అప్పుడు తట్టింది నాకు. ఏమీ లేనప్పుడు మనిషి ఎలా ఉంటాడో తెలియాలంటే, ఏమీ లేనప్పుడు కూడా ఆ మనిషిని పట్టించుకుని ఉండాలి. ఇబ్రహీంనీ, జలపతినీ, వెనక బెంచీలో కూర్చున్న నన్నూ ఆయన అలాగే పట్టించుకున్నారు. మేమేమో గోడ సార్ అని నవ్వుకున్నాం.

"ఇగ విను," అన్నారు. వెనక ఎవరో "సార్, పప్పు పొయ్యాల్నా" అని అడుగుతున్నారు. "పిల్లలన్నంక రేపు జరమొస్తది, ఎల్లుండి కిందవడ్తది. పానం మీదికొచ్చింది అయితే చెప్పులు సుత తొడగకుంట దవాఖానకు ఉరుకు, ఆడ లెక్కలు వద్దు. మిగిలినయన్నిటికి మాత్రం ముందుగాల నువ్వు ఇంత తిను, జరసేపు కండ్లు మూసుకో. అటెనక పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టు."