కుంటిన మగ్గం

నా మగ్గం మీద ఒట్టు, ఇది జరిగింది. కల అనకండి. మందుల మత్తు అనకండి. ఆ రాత్రి నిద్రమాత్ర వేసుకోలేదు కాబట్టే మేలుకుని ఉన్నాను.

మాది రేపల్లె దగ్గర పల్లె. గుంటమగ్గం నేస్తాను. గుంటలోకి కాళ్లు దింపి కూర్చుని, కింద ఉన్న రెండు చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కాలి. మాకు కాళ్లే అన్నం పెడతాయి.

నిరుడు కుడి తొడ ముందువైపు గడ్డ లేచింది. మంచిది కాదన్నారు. గడ్డతో పాటు మోకాలిని చాపే కండ కూడా తీసేశారు. దాని బదులు తొడ వెనక ఉండే రెండు కండల్ని ముందుకు తిప్పి మోకాలిచిప్పకు కుట్టారు. తెగిన పోగుకు ఇంకో పోగు అతికేవాణ్ణి, నాకది వింతగా తోచలేదు.

తెనాలిలో వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. "బాబాయ్ గారూ, ఈ కండకి మడవడమే తెలుసండి. పుట్టినప్పట్నుంచీ అదే పని కదా. మీరు మడవాలి అనుకోండి, అది చాపుద్ది."

తొక్కడమంటే మోకాలు చాపడమే కదా, నేనేమో తొక్కాలి అనుకునేవాణ్ణి. నలభై ఏళ్ల అలవాటు మరి. మూడు నెలలు కాలు కదల్లేదు. విసుగంతా మా ఆవిడ నాగమణి మీద చూపించేవాణ్ణి. బాపట్ల పెళ్లివారి చీర సగంలో ఆగిపోయి మగ్గం మీదే ఉంది. ఇంకొకరిని కూర్చోబెడదామంటే వద్దన్నాను. నా కాలు సంగతి తేలేదాకా ఆ గుంటలో ఇంకొకరి కాలు దిగకూడదని నా మొండితనం.

ఆ రాత్రి... కరెంటు పోయింది. దోమలు. మోకాలు కదలకుండా తొడదాకా బెల్టు బిగించిన కాలు దిండు మీద. అప్పుడు వినిపించింది.

టక్.

ముందు గదిలో. మా మగ్గమే. దాని చప్పుడు నాకు తెలియదా.

టక్... ... టక్.

నాగమణి వెళ్లి ఏదో కదిలిస్తోందనుకున్నాను. చెయ్యి చాపితే... పక్కనే ఉంది. గురక పెడుతోంది.

చెవి పెట్టి విన్నాను. ఎడమ చెక్క ఠంచనుగా పడుతోంది. కుడి చెక్క... ఆగి... ఆలోచించుకుని పడుతోంది. మగ్గం కుంటుతోంది.

తొడ మీద చెయ్యి వేశాను. బెల్టు కింద కండ... ఎగురుతోంది. కుడి చెక్క పడ్డప్పుడల్లా ఒక్కసారి.

ఆగు అనుకున్నాను. ఆగలేదు. అలవాటు కొద్దీ తొక్కు అనుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు... దోమల రొదే. అప్పుడు ఏం బుద్ధి పుట్టిందో, మడువు అనుకున్నాను.

ముందు గదిలో... టక్.

నాగమణిని లేపాను.

"ఏంటండీ?"

"మగ్గం ఆడుతోందే."

ఫోను లైటు వేసుకుని వెళ్లి చూసి వచ్చింది. "ఎవరూ లేరండి. ఎలకేమో."

"ఎలక కుంటుద్దా?"

"ముందు పడుకోండి మీరు" అంది, కానీ తనూ మళ్లీ నిద్రపోలేదు.

తెల్లారి చూస్తే చీరలో కొత్తగా ఒక్క పోగూ పడలేదు. అదొక ఊరట. కానీ కుడి చెక్క మీద మూడు నెలల దుమ్ము... అరికాలంత మేర లేదు. "నేనే ఊడ్చానేమోనండి" అంది నాగమణి. ఏమో.

ఆ వారమే నా కాలు చాపుకుంది. తెనాలి అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఎలా సాధించారు బాబాయ్ అంటే, నువ్వు చెప్పినట్టే మడవాలి అనుకున్నానమ్మా అన్నాను.

మొన్న మగ్గంలో కూర్చున్నాను. ఎడమ కాలు గుంటలోకి దింపాను. కుడి కాలు ఇంకా గట్టు మీదే ఉంది. దింపబోయే ముందు ఊరికే, మనసులో, మడువు అనుకుని చూసుకున్నాను.

కుడి చెక్క కిందికి దిగింది.

"ఎడమ కాలు తగిలుంటుందండి" అంది నాగమణి. అయ్యుండొచ్చు. రోజూ కూర్చుంటున్నాను, చీర నేస్తున్నాను. కాలు తొక్కితే చెక్క దిగుతోందో... చెక్క దిగితే నా కాలు వెంట వెళ్తోందో... నాకు ఇప్పటికీ తెలియదు.