పాలపిట్ట గుడ్లు పద్దెనిమిది

కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, జగిత్యాల నుంచి హైదరాబాద్‌లో బంద్ చేయించిన మొనగాణ్ణి నేను. ఉద్యమంలో ఎంతోమంది ఎన్నో బంద్‌లు చేశారు. జెండా పట్టకుండా, గొంతు చించుకోకుండా, కేవలం కుళ్లుతో బంద్ చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగంటారా? చెప్తాను. చేతిలో చాయ్ ఉంటే ముందు తాగేయండి, తర్వాత ఒలికిందని నన్ను తిట్టొద్దు.

సకల జనుల సమ్మె రోజులవి. జగిత్యాలలో ఒక చెప్పుల దుకాణం పైగదిలో మాది ఆరు కంప్యూటర్ల ఆఫీసు. హైదరాబాద్ శివారులోని ఒక గోల్ఫ్ మైదానం వివరాలు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం మా పని. అక్కడి పనివాళ్లు పొద్దున్నే ఫోటోలు పంపుతారు. గడ్డి ఎక్కడ కోశారు, నీళ్లు ఎక్కడ పెట్టారు, ఏ పిట్ట వాలింది, ఏ పాము పాకింది, అన్నీ ఫోటో చూసి మేం రాయాలి. ఎక్కడైనా పక్షి గూడు ఉందని రాశామా, ఆ చోటికి సాఫ్ట్‌వేర్ తాళం వేసేస్తుంది. పిల్లలు ఎగిరేదాకా అటు యంత్రం పోకూడదు, మనిషి పోకూడదు. గోల్ఫ్ అనే ఆటను మాలో ఎవరూ చూసినవాళ్లు కాదు. ఒక్క బర్రె కూడా లేని చోట అంత గడ్డి ఎందుకు పెంచుతున్నారన్నది నాకు తెగని అనుమానం.

పక్క కుర్చీలో రవీందర్ లేకపోతే నా బతుకు హాయిగానే ఉండేది. సిరిసిల్ల మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇంట్లో మరమగ్గాలు. నడక రాకముందే తెగిన పోగును కనిపెట్టిన కళ్లవి. ఆకు చాటున తోక కొస కనబడితే చాలు, పిట్ట పేరు చెప్పేసేవాడు. నాకేమో ఏనుగంత నెమలి కూడా ఎండుకొమ్మలాగే కనిపించేది. ఎవరెన్ని కనిపెట్టారో లెక్కకట్టే గోడ మీది చార్టులో వాడి పేరు పైన, నా పేరు కింద. దసరా తర్వాత పైనున్నవాణ్ణి టీమ్ లీడర్ చేస్తామని మా సరిత మేడం చెప్పింది. ఆ కుర్చీ నాదేనని మా ఊరు కోరుట్లలో చుట్టాలందరికీ నేను ముందే చెప్పేసుకున్నాను. ఇక వాడు ఉత్తినే తుమ్మినా, ముత్యంపేట చక్కెర మిల్లు గొట్టంలా నా కడుపులోంచి పొగ లేచేది.

ఒకరోజు రవీందర్ సిరిసిల్లలో రోడ్డు మీద వంటావార్పు నిరసన ఉందని సెలవు పెట్టాడు. వాడి ఫోటోలు నా వాటాకు వచ్చాయి. తెరిచి చూస్తే పచ్చటి గడ్డి, మధ్యలో చక్కటి గుంత, దాంట్లో పాతిన జెండా. ఉద్యమం రోజులు కదా, జెండా చూసి వీళ్లూ మనవాళ్లేననుకున్నాను. గుంతలోకి చూద్దును కదా, తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఒక గుడ్డు! తర్వాతి ఫోటోలో ఇంకో గుంత, ఇంకో గుడ్డు. మొత్తం పద్దెనిమిది!

"మేడం, గుడ్లు!"

"ఏం గుడ్లు గంగాధర్?"

"పాలపిట్టవి మేడం."

"నీకెట్ల ఎర్క?"

"దసరా ముంగట ఇంకేం పిట్ట పెడ్తది మేడం? పండుగనాడు మనం చూసి మొక్కేది గా పిట్టకే గద!"

ఆ పేరు వినగానే మేడం చేతులు జోడించింది. ఇక నాకు అడ్డేముంది? పిట్ట లేదు, గూడు లేదు, గుడ్డు పేరు పాలపిట్ట! పద్దెనిమిది గూళ్లూ ఎక్కించేశాను. సాయంత్రానికి చార్టులో నా పేరు రవీందర్ నెత్తి మీద కూర్చుంది. ఆ రోజు నేను మెట్లు దిగలేదు, గాల్లో తేలుతూ కిందికొచ్చాను.

మర్నాడు పొద్దున రవీందర్ చార్టు ముందు నిలబడిపోయాడు.

"అన్నా, ఒక్క దినంల పద్దెనిమిదా?"

"కండ్లుండాలె తమ్మీ," అన్నాను మీసం దువ్వుతూ.

అంతలో మైదానం మేనేజర్ ఫోన్. మేడం స్పీకర్ పెట్టింది.

"ఏం చేసిండ్రమ్మా మీరు? పద్దెనిమిది గుంతలకు తాళం వడ్డది! ఇయ్యాల పెద్ద పోటీ ఉన్నది. పెద్ద పెద్దోళ్లు కట్టెలు వట్టుకొని ఎండల నిలవడ్డరు!"

"గుడ్లున్నయ్ సార్," అన్నాను ధీమాగా. "తొక్కి సంపుతరా?"

రవీందర్ నా తెర మీదికి వంగాడు. "అన్నా, గది గుడ్డు కాదే. బంతి."

"బంతి గుంతల ఎందుకుంటదిరా? గుంతల వడితే ఆట ఆగిపోతది గద!"

"గుంతల వడుడే ఆట అన్నా. గుంత సక్కగున్నదా లేదా అని పనోళ్లు బంతి ఏసి ఫోటో తీసిండ్రు."

నేను నమ్మలేదు. మా కోరుట్లలో బంతి మురికి మోరీలో పడితే, తీసేదెవడని అరగంట కొట్లాట. కావాలని గుంతలో పడేసుకోవడానికి మనుషులు కార్లేసుకొని వస్తారా?

"తాళం తియ్యి గంగాధర్, జల్ది!" అంది మేడం.

తాళం తీయాలంటే గుడ్లు ఏమయ్యాయో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. అది మూడు దారులిచ్చింది: పిల్లలయ్యాయి, ఎవరో ఎత్తుకుపోయారు, పాము తినేసింది. బంతి అనే దారి లేదు.

"ఆగన్నా, నేను సాఫ్ట్‌వేర్ వాళ్లతోని మాట్లాడి తీపిస్త," అన్నాడు రవీందర్.

వాడి సాయమా? ప్రాణం పోయినా సరే! ఆలోచించాను. ఒక్క పూటలో పిల్లలు కావు. దొంగతనమంటే పోలీసులొస్తారు. పామునైతే అడిగేదెవరు? పద్దెనిమిదిసార్లు 'పాము' నొక్కాను. తాళాలు టపటపా ఊడిపోయాయి. చూశావా అన్నట్టు వాడి వైపు చూశాను.

రెండు నిమిషాల్లో మళ్లీ ఫోన్. "అమ్మా, అందరి ఫోన్లకు మీ సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్ అచ్చింది. పద్దెనిమిది పాములు తిరుగుతున్నయట! పెద్దసార్లు కార్ల మీదికెక్కిండ్రు. ఒక్కలు గూడ దిగుతలేరు!"

మేడం నన్ను కుర్చీతో సహా గోడదాకా నెట్టేసింది. రవీందర్ నా చోట నిలబడి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, పెద్దసార్లను కార్ల మీది నుంచి దింపించి, పోటీ జరిపించాడు. ఎక్కిన గూళ్లను, పాములను తుడిచే తీరిక మాత్రం ఆ హడావిడిలో ఎవరికీ లేకపోయింది.

దసరా తర్వాత వాడే టీమ్ లీడర్. సరే, పళ్లు కొరుక్కుంటూ అదీ ఓర్చుకున్నాను. కొన్నాళ్లకు మైదానం నుంచి ఒక పెద్ద కవరొచ్చింది. ఇన్ని గూళ్లు, ఇన్ని పాములు ఇంకే మైదానంలోనూ లేవట! వాటిని కాపాడుతున్నందుకు ఆ మైదానానికి బహుమానం వచ్చిందట. అంత శ్రద్ధగా వివరాలు రాసినందుకు మాకూ ఒక ప్రశంసాపత్రం. దాని మీద బంగారు అక్షరాల్లో: రవీందర్, టీమ్ లీడర్.

"అన్నా, నిజానికి ఇది నీదే. ఇంటికి తీస్కపో," అన్నాడు వాడు నవ్వాపుకుంటూ.

గుడ్లు నావి, పాములు నావి, పేరు వాడిది!

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో తెల్లగా, గుండ్రంగా నాకేం కనబడినా సరే, దాని తల్లి వచ్చి దాని మీద కూర్చునేదాకా దాన్ని గుడ్డు అనను.