ధనశ్రీ చాపిన చెయ్యి

నాచారంలో అంబులెన్సు మీద పనిచేసే నీలవేణికి ఉప్పల్ వెళ్లినప్పుడల్లా తాను పారామెడిక్ కోర్సు చదివిన కాలేజీ మీదికే చూపు పోతుంది. చూడ్డానికేమీ లేదు. గోడలు పెచ్చులూడాయి, లిఫ్టు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. అయినా అక్కడి రోజులంటే ఆమెకు ప్రాణం.

సెలైన్ సూది పెట్టడం వాళ్లు ఒకరి చేతి మీద ఒకరు నేర్చుకునేవారు. అందరూ ఎగబడే చెయ్యి కొమురెల్లిది. చెంగిచెర్లలో ఆటో నడపడం మాని చదువుకొచ్చిన ముప్పయ్యేళ్ల మనిషి. నరాలు తాళ్లలా పైకే కనిపించేవి.

"నా చెయ్యి సర్కారు నల్లా లెక్క. ఎవలైనా పట్టుకోన్రి," అని చాపేవాడు.

నీలవేణి పదిసార్లు గుచ్చితే పదిసార్లూ నరం దొరికింది. ఇంకేం, తనంత పనిమంతురాలు లేదనుకుంది.

దవాఖానా డ్యూటీలో మూడు రోజులకే ఆ గర్వం దిగిపోయింది. ముసలివాళ్ల ఎండిన చేతుల్లో ఒక్క నరమూ దొరకలేదు. వార్డు చూసే అరుణకుమారి సిస్టర్, నేర్చిన పనులకు సంతకాలు పెట్టే లాగ్‌బుక్ మూసేసింది.

"రేపూ ఇంతే అయితే సంతకం పెట్టనమ్మా. మళ్లీ ఆర్నెల్లు చెయ్యాల్సిందే."

ఆర్నెల్లు నాన్న ఆగడు. చదువు మాన్పించి ఆమెను మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పంపాలని అప్పటికే మాట్లాడి పెట్టాడు.

సాయంత్రం ల్యాబులో కూర్చుని ఏడుస్తుంటే ధనశ్రీ వచ్చింది. పుల్లల్లాంటి చేతులు ఆ పిల్లవి. నరం దొరకదని క్లాసులో ఎవరూ ఆమె జోలికి పోయేవారు కాదు.

"ఏడ్సుడు ఆపే. అందరం కొమురెల్లన్న చేతి మీదనే నేర్సుకుంటిమి, గందుకే గిట్లయింది. నా చెయ్యి పట్టు."

ల్యాబు చూసే గోపాలరావు సార్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాలుగుసార్లు తప్పింది.

"నొప్పి లేస్తలేదా?" అంది నీలవేణి.

"లేస్తది. కండ్లతోని సూడకే, వేలితోని సూడు."

ఐదోసారి వేలి కింద దారమంత నరం మెత్తగా తగిలింది.

మర్నాడు ముత్తమ్మ అనే ముసలామె చెయ్యిచ్చింది. "జర నిమ్మళంగ, బిడ్డా." నీలవేణి వేలితో వెతికి మొదటిసారికే ఎక్కించింది.

సిస్టర్ నమ్మలేకపోయింది. "రాత్రికి రాత్రే ఎవరు నేర్పారు?"

నీలవేణి పక్క వార్డులోంచి ధనశ్రీని లాక్కొచ్చి ఆమె చొక్కా చెయ్యి పైకెత్తింది. మోచేతి దాకా నల్లగా కమిలి ఉంది.  సిస్టర్ లాగ్‌బుక్ తెరిచి సంతకం చేసింది. 'నేర్పినవారు' అన్న గడిలో తన పేరు రాయబోయి ఆగి, ధనశ్రీ పేరు రాసింది.