అద్దంలో అమ్మ మెడ

జబ్బు చేసి చిక్కాక నా గడ్డం కింద చర్మం వేలాడసాగింది. కువైట్‌లో ఒక క్లినిక్‌కి వెళితే, చర్మం లోపల దారాలు వేసి పైకి లాగవచ్చు, లేదా ఆపరేషన్ చేయవచ్చు, మీరే తేల్చుకోండి అన్నాడు డాక్టరు. ఎటూ తేలక బయట కూర్చున్నాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, తలకూ గడ్డానికీ కట్టు కట్టుకున్న ఒకావిడ పలకరించింది. వాళ్లది హైదరాబాదట.

"మొదలు నేను దారాలే ఏపిచ్చుకున్న. కొన్నాళ్లకే మళ్ల జారింది. అందుకే ఆపరేషన్ చేపిచ్చుకున్న. ఇయ్యాల కట్టు ఇప్పుతరు. హైదరాబాద్ల ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. జర తోడొస్తరా?"

నర్సు అరబ్బీలో "యల్లా", రండి అని పిలవగానే ఇద్దరం లోపలికి వెళ్లాం. కట్టు విప్పుతున్నంతసేపూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు. చెవుల వెనక కుట్లు ఎర్రగా ఉన్నా మెడ నున్నగా తేలింది.

"చాలా బాగా వచ్చిందండీ," అన్నాను.

ఆవిడ అద్దంలోకి చాలాసేపు చూసింది.

"మంచిగనే అయింది. కానీ ఆ పాత మెడ అచ్చం మా అమ్మదే. అమ్మ పోయినంక రోజూ అద్దంల కనవడుతుండె. ఇగ కనవడదు," అంది.

ఆవిడ పేరైనా అడగలేదు. నేనూ చివరికి ఆపరేషన్‌కే ఒప్పుకున్నాను. అంతకుముందు మాత్రం నాన్న ఫోటో తీసి చూశాను. నా మెడ ఆయనదే. ఆ మెడను ఇంకొన్నాళ్లు ఉంచుకుని, ఆ తర్వాతే ఆపరేషన్‌కి వెళ్లాను.