అద్దాల గదిలో పేర్ల ముచ్చట

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి మా చిలకలూరిపేటలో అందరికీ తెలుసు గానీ, నరసరావుపేటలో నాకు ఉద్యోగమిచ్చిన పెద్దాయనకి తెలియదు. తెలిసుంటే ఇచ్చేవాడు కాదేమో. ఆయనది ఎరువులూ విత్తనాలూ అమ్మే కంపెనీ. ఎనభైల చివరి మాట ఇది. కంప్యూటరున్న గదిలోకి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడే రోజులు.

అసలు మిషను నరసరావుపేట హెడ్డాఫీసులో నా పక్కన ఉండేది. మాచర్ల, గురజాల, ఇంకా చుట్టుపక్కల బ్రాంచీల్లో ఒక్కో తెర, ఒక్కో కీబోర్డు, వాటికి అద్దెకు తీసుకున్న టెలిఫోను లైను. మాచర్లలో రైతు యూరియా బస్తా అడిగితే ఆ మాట లైను మీద నా మిషను దగ్గరికొచ్చి, స్టాకు చూసుకుని, బిల్లయి మళ్ళీ మాచర్ల చేరాలి. ఆ ప్రోగ్రామంతా నేను రాసిందే. అందుకని ఆఫీసులో కాస్త తల ఎగరేసుకునే తిరిగేదాన్ని.

తొలకరి పడి విత్తనాల సీజను మొదలవగానే నా తల దిగింది. బిల్లు రావటానికి ఒక చుట్ట కాల్చుకునేంత సేపు పట్టేది. మాచర్ల బ్రాంచి చూసే ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయనది సహజంగానే పెద్ద గొంతు. ఫోనులో ఇంకా పెద్దదయ్యేది.

"ఏమ్మా, ఏందిది? మళ్ళీ ఆగింది! రైతులు బెంచీల మీద కూర్చుని నన్ను తినేస్తన్నారు. ఎదురు కొట్టోడు చేత్తో రాసి పంపించేస్తన్నాడు. నీ మిషనుకి పక్షవాతం గాని వచ్చిందా?"

మిషనుని అంటే నన్ను అన్నట్టే. "మీరు కీబోర్డుని రోట్లో పచ్చడి నూరినట్టు బాదుతుంటే ఏ మిషనైనా ఆగుతుంది బాబాయ్" అని ఫోను పెట్టేశాను.

ఈ గోల పెద్దాయన చెవినబడింది. తన అద్దాల గదిలోకి పిలిచాడు. "చూడమ్మాయ్, ఈ నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ ఇట్నే ఉంటే మిషను అమ్మేసి మళ్ళీ కార్బను పేపర్లు తెప్పిస్తా. నువ్వు కూడా మీ ఊరికి బస్సెక్కుదువు గాని" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు గానీ, నా సంగతి వేరు. ఆడపిల్లకి మిషన్ల ఉద్యోగమేంటని మా నాన్న వద్దంటే, అన్నం మానేసి మరీ ఒప్పించి వచ్చినదాన్ని. ఇప్పుడు పెట్టె పట్టుకుని ఏ మొహంతో ఇంటికెళ్ళను?

ముందు టెలిఫోను వాళ్ళ మీద పడ్డాను. లైన్‌మన్ వచ్చి, స్తంభాలన్నీ చూసి, లైను బాగానే ఉందన్నాడు. నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే మాచర్ల బస్సెక్కాను. వెళ్ళి చూస్తే ఏముంది! ఆఫీసులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ మిషను వైపు తిప్పి ఉంది. బాబాయ్ బనీను తడిసి ముద్దయింది. "దానికి ఉక్కపోస్తందేమోనని" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఫ్యాను ఆయన వైపు తిప్పి పక్కన కూర్చున్నాను. చిత్రం, ఆ రోజు సాయంత్రం దాకా బిల్లులు చకచకా వచ్చాయి. ఒక్కసారి కూడా ఆగలేదు. "నీ చెయ్యి మంచిదమ్మా" అని బాబాయ్ నాకు సోడా తెప్పించాడు. నేను కూడా నిజమేననుకుని తాగాను.

నరసరావుపేట తిరిగొచ్చిన రోజునే మళ్ళీ మొదలు. పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "నువ్వు పోతే బాగయింది, నువ్వొస్తే చెడింది. మరి లోపం ఎవరిదమ్మాయ్?" అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ ఆ లెక్కలో తప్పు పట్టుకోలేకపోయాను.

ఆ కోపంతోనే మిషను ముందు నుంచి కదలకుండా కూర్చున్నాను. ఫోను మోగింది. "ఆగింది!" అన్నాడు బాబాయ్. సరిగ్గా అప్పుడే టీ ట్రే నా ముందు నుంచి అద్దాల గదిలోకి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ ట్రే వెళ్ళింది. మళ్ళీ ఫోను. మూడోసారి ట్రే కనబడగానే మాచర్లకి నేనే ఫోను చేసి, "ఆగిందా బాబాయ్?" అన్నాను.

"ఆగింది! నీకెట్టా తెలుసమ్మా?"

లేచి అద్దంలోంచి తొంగిచూశాను. వెల్దుర్తి నుంచి వచ్చిన రైతు కుర్చీ అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దాయన తన బల్ల మీదున్న తెర ముందు కూర్చుని, ఒక్క వేలితో ఆ రైతు పేరు కొడుతున్నాడు. "నువ్వు ఏ బ్రాంచిలో కొన్నా ఈడ కనపడతావు బావా. అదిగో నీ పేరు!" ఆ రైతుకి ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా మొహం వెలిగిపోయింది. "మా బామ్మర్దిది కూడా ఒకసారి కొట్టు బావా" అన్నాడు.

సంగతి అర్థమైపోయింది. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వటం ఎంత మర్యాదో, తెర మీద పేరు చూపించటం అంత మర్యాదైంది ఆయనకి. ఆ ఒక్క పేరు కోసం నా ప్రోగ్రాము అన్ని బ్రాంచీల రైతుల పేర్లూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అందాకా మాచర్ల, గురజాల బిల్లులన్నీ వరసలో నిలబడాల్సిందే. నేను మాచర్లలో ఉన్న రోజు ఆయన కోర్టు పని మీద గుంటూరు వెళ్ళాడు. నా చెయ్యి మంచిదీ కాదు, మట్టిదీ కాదు!

వెళ్ళి చెప్పేశాను. "మీరు పేర్లు వెతుకుతుంటేనే బిల్లులు ఆగుతున్నాయండీ."

కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అంటే తిప్పలన్నీ నా వల్లనేనా? నా మిషన్లో నా మనుషుల్ని నేను చూడగూడదా?"

నోరు మూసుకుని బయటికొచ్చాను. పద్ధతిగా చెయ్యాలంటే పేర్లన్నిటికీ అక్షరాల క్రమంలో వేరే వరస కట్టి ప్రోగ్రాము తిరగరాయాలి. నెలాఖరు దగ్గరపడింది. అప్పుడు నాలో దెయ్యం లేచింది. వచ్చినవాళ్ళకి కావాల్సింది పేరేగా! ఆ పేరు ఆయనే కొడుతున్నాడుగా! ఇంక వెతకటమెందుకు? ఆయన తెరకి మాత్రం చిన్న మార్పు చేశాను. ఏ పేరు కొడితే ఆ పేరే పెద్ద అక్షరాలతో, చుట్టూ చుక్కలతో, కింద 'మా గౌరవనీయ ఖాతాదారు' అని ఇంగ్లీషులో వస్తుంది. మిషను దేన్నీ వెతకదు.

ఆ రోజు నుంచి బిల్లులు పరిగెత్తాయి. "ఏం మందేశావమ్మా, పందెం కోడిలా ఉంది!" అని బాబాయ్ ఫోనులో ఒకటే సంబరం. అద్దాల గదిలోనూ సంబరమే. చుక్కలు చూసి జనం మురిసిపోతుంటే పెద్దాయన రెండో టీ కూడా తెప్పించేవాడు. ఒకరోజు మాచర్లలో బాబాయ్ చెప్పిన ఆ ఎదురు కొట్టాయన ఏదో పని మీద వచ్చాడు. మాకు బద్ధ పోటీ, మా దగ్గర గుప్పెడు గింజలు కొన్న మనిషి కాదు. ఆయన పేరు కొడితే ఆయన కూడా మా గౌరవనీయ ఖాతాదారై కూర్చున్నాడు. పెద్దాయన అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తల వంచుకుని, లేని కాగితాలు సర్దుకున్నాను.

నెలాఖరు మధ్యాహ్నం పిలుపొచ్చింది. గదిలో ఎవరూ లేరు. టీ ట్రే లేదు. తెర మీద చుక్కల మధ్య ఒక ఆడమనిషి పేరుంది.

"ఇది మా అమ్మ పేరు" అన్నాడు పెద్దాయన.

నేను తెర వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశాను.

"నా చిన్నప్పుడే పోయింది. ఊళ్ళో ఆమెని పేరుతో పిలిచినోళ్ళు లేరు. ఫలానావారి కోడలు, ఫలానావాడి అమ్మ. అంతే. ఆ పేరు రాసి ఉండగా నేను ఏడా చూళ్ళా." కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. కళ్ళజోడుకి తడేమీ లేదు. "ఆమె మన దగ్గర యూరియా ఎప్పుడు కొన్నదమ్మాయ్?"

ఇంక దాచేదేముంది? "కొనలేదండీ. ఎవరి పేరు కొట్టినా అట్లాగే చూపిస్తుంది."

"ఎప్పటినుంచి?"

"బిల్లులు తొందరగా రావటం మొదలైనప్పటినుంచి."

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. మా నాన్న ఏమంటాడో, బస్సు ఎన్నింటికో, అన్నీ నా బుర్రలో గిర్రున తిరిగాయి. చివరికి నేనే, "తీసెయ్యమంటారా అండీ?" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"తీసి చూడు. ఆ మర్నాడే నిన్ను పనిలోంచి తీసేస్తా."