ఎంగిలి వార్త

పీట ఇలా దగ్గరగా లాక్కుని కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో కబురు కావాలంటే మనమే దాని వెనక తిరగాలి. నరసన్నపేట నుంచి పేపరు మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయేవి. అలాంటిది, పెళ్లై ఏడాది తిరగని నేను (చదివింది అయిదో తరగతి) ఒక పొద్దున కంప్యూటర్ తెర మీద ఎక్కడెక్కడి కబుర్లో వాటంతట అవే వచ్చి వరసగా కూర్చోవడం చూసి అక్కడే నిలబడిపోయాను. అది మా మరిది చేసిన పని. "ఆర్ఎస్ఎస్ ఫీడంటారు వదినా. ఏ సైటులో కొత్తది రాసినా మనం ఎతకక్కర్లేదు, అదే వచ్చి ఇక్కడ పడతాది. సదవనివి లావు అచ్చరాల్లో ఉంటాయి, ఒకసారి తెరిస్తే సన్నమైపోతాయి" అని చెప్పి, మావయ్యకి వాన కబుర్లూ వ్యవసాయమూ, నాకు ముగ్గులూ పచ్చళ్లూ అన్నీ ఒకే పేజీలో పెట్టి, కాలేజీకి వెళ్లిపోయాడు.

ఆ సన్నమైపోవడమే నన్ను భయపెట్టింది. మా ఇంట్లో మావయ్య తినందే ఎవరమూ ముద్ద ముట్టేవాళ్లం కాదు. తెరవగానే అక్షరం చిక్కిపోతోందంటే అది ఎంగిలైనట్టే కదా! అందుకని మావయ్య వార్తల్లో పైన పేరు మాత్రం చదివేదాన్ని (మూత తీయకుండా వాసన చూస్తే ఎంగిలి కాదు), లోపలికి వెళ్లేదాన్ని కాదు.

ఆ కార్తీకంలో వరి కోసి పనలు చేలో పరిచి ఉన్నాయి. ఏడాది తిండి అదే. మగవాళ్లంతా పెళ్లికని బొబ్బిలి వెళ్లారు. పొద్దున్నే చూద్దును గదా, "ఉత్తర కోస్తాకు వాన గండం" అని లావుగా కూర్చుని ఉంది. ఎప్పుడన్నది లోపల ఉంది. బొబ్బిలికి ఫోన్ చేస్తే బాజాలు తప్ప ఏమీ వినపడలేదు. వెళ్లి అత్తతో చెప్పాను.

"అయితే తియ్యే, ఏటి సూస్తన్నావు?"

"మావ ఇంకా సూడలేదత్తా. ఎంగిలైపోతాది."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఒసే, సేలో వరి నానిపోతే రేపు మీ మావకి కంచంలో ఏటెడతావే, లావు అచ్చరాలా? తియ్యి!"

కళ్లు మూసుకుని నొక్కాను. తెల్లారేసరికి కుండపోతట! ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలుచుకుని, పొద్దు గూకేలోగా కట్టలు కట్టి, కుప్ప వేసి, టార్పాలిన్ కప్పేశాం. తెల్లవారుతూనే వాన విరుచుకుపడింది. ఎక్కడో ఎవరో రాసిన ముక్క వానకంటే ముందు నడిచి మా చేలోకి వచ్చిందా అనిపించింది. వెళ్లి కంప్యూటర్‌కి బొట్టు పెట్టాను (పండక్కొచ్చినప్పుడు మరిది తుడుచుకోలేక చచ్చాడు).

మావయ్య బురద కాళ్లతో వచ్చి ముందు తెర దగ్గరే కూర్చున్నారు. "నా వార్త ఎవులే సదివీసినారు?"

నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. "నీ కోడలే. సదివినాది గాబట్టే నీ వరి మిగిలినాది. ఎల్లి కుప్ప సూడు" అంది అత్త.

ఆయన వెళ్లి చూశారు. టార్పాలిన్ ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, పొడిగా ఉన్న కంకి ఒకటి పట్టుకుని వచ్చారు. "అమ్మా, రేపట్నుంచి నువ్వే ముందు సదువు. నాకు ఎంగిలిదే ఇయ్యి" అన్నారు.

ఇప్పుడు ఆ పేజీ లేదు, మావయ్యా లేరు. ఫోన్ నిండా వార్తలే, అన్నీ ఎవరెవరో కెలికి వదిలినవే. అయినా పొద్దున్నే తెర వెలగగానే, ముందు పెద్దాయన చూడాలి కదా అని ఆ పిల్లకోడలు నాలో ఒక్క క్షణం ఆగుతుంది. నవ్వొస్తుంది.

మీ కుప్పలు తడవకూడదు, తల్లీ. మంచి కబురేదైనా వానకంటే ముందే మీ గడప తొక్కాలి.