కుట్టు బాగుందన్నారు

ఇరవై రెండేళ్లు తిరుప్పూరులో బనియన్లు, చొక్కాలు కుట్టి వచ్చిన మనిషి ఆరోగ్యమ్మ. హెల్పరుగా చేరి, చివరికి ఒక మిషన్ల లైను మొత్తానికి సూపర్‌వైజరైంది. అక్కడే భర్త ఇన్నయ్య గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఇక ఆ ఊళ్లో ఉండబుద్ధి కాక సత్తుపల్లి వచ్చేసింది. చర్చి వెనక వీధిలో తల్లి వదిలిపోయిన రెండు గదుల ఇంట్లో బడిపిల్లల యూనిఫాంలు కుడుతూ కాలం గడుపుతోంది.

2022 ఎండాకాలంలో ప్రసూన అనే ఆవిడ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కొరియాకు చెందిన ఒక చొక్కాల కంపెనీకి హైదరాబాదులో పనులు చూసిపెట్టే ఉద్యోగం ఆవిడది. కంపెనీవాళ్లు కొత్త ఫ్యాక్టరీకి చోటు వెతుకుతున్నారనీ, సత్తుపల్లి దగ్గర స్థలం నచ్చిందనీ, పని తెలిసినవాళ్లు దొరుకుతారా అన్నదే వాళ్ల సందేహమనీ చెప్పింది. ముప్పై మందికి పని నేర్పి చూపించగలరా అని అడిగింది.

తిరుప్పూరు హాస్టళ్లలో తనతో ఉన్న ఆడపిల్లలు ఆరోగ్యమ్మకు గుర్తొచ్చారు. ఇంటిమీద బెంగతో, పక్కవాళ్లకు వినపడకుండా కుళాయి విప్పుకుని ఏడ్చేవాళ్లు. ఆ పనేదో ఇంటి దగ్గరికే వస్తే అంతకంటే ఏం కావాలి అనుకుంది. ఒప్పుకుంది.

కంపెనీవాళ్లు చర్చి హాల్లో కుట్టుమిషన్లు దింపారు. సత్తుపల్లి నుంచి కొందరు, దమ్మపేట దాటాక అడవి అంచు గూడేల నుంచి కొందరు, మొత్తం ముప్పై ఒక్క మంది వచ్చారు. అందరిలోకీ చేయి తిరిగిన పిల్ల కన్నమ్మ. కోయగూడెం అమ్మాయి, ఇంటరు చదివింది. కాలరు కుట్టడం ఎవరికైనా నెల పడుతుంది. కన్నమ్మకు నాలుగు రోజులు పట్టింది. మాటలు తక్కువ. మధ్యాహ్నం ఊరి పక్క బొగ్గుగనిలో పేలుడు పెట్టినప్పుడు దుమ్ము కిటికీల్లోంచి లేచి వచ్చేది. మిగతావాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుంటే, ఆ పిల్ల ముందు తెల్లబట్ట మీద దుప్పటి కప్పేది.

ఆ జూలైలో కన్నమ్మకు ఖమ్మంలో నర్సింగు సీటొచ్చింది. మూడేళ్ల చదువు, హాస్టల్లో ఉండాలి. వాళ్లమ్మ గంగక్కకు రక్తం తగ్గిపోయే జబ్బు. పుట్టుకతో వచ్చింది. నెలకోసారి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లి రక్తం ఎక్కించాలి. తండ్రి లేడు. పోవాలా, ఉండాలా అని కన్నమ్మ ఆరోగ్యమ్మనే అడిగింది.

"ఆరు నెలలల్ల కంపెనీ వస్తది బిడ్డా," అంది ఆరోగ్యమ్మ. "బస్సు మీ గూడెం దాకా పంపుతరంట. పొద్దున పోయి మాపటికి అమ్మ దగ్గరికి వస్తవ్. గా సీటు కోసం అమ్మను ఇడిసిపెట్టి పోతవా?"

కన్నమ్మ సీటు వదులుకుంది.

డిసెంబరులో కొరియా నుంచి ముగ్గురు వచ్చారు. ప్రసూన వాళ్ల మాటలు తెలుగులో చెప్పింది. ఒకాయన కన్నమ్మ కుట్టిన చొక్కా తిరగేసి, కుట్లు లెక్కపెట్టి, తల ఊపాడు. ఇంకొకాయన కిటికీ చెక్క మీద వేలితో రాసి, నల్లబడిన వేలిని చూసుకుని, జేబురుమాలుతో తుడుచుకున్నాడు. అందరూ టీ తాగి, ఫొటోలు దిగి వెళ్లారు.

జనవరి గడిచింది. ఫిబ్రవరి గడిచింది. ప్రసూన ఫోను ఎత్తడం తగ్గించింది. హాలుకు వచ్చేవాళ్లు ఇరవై అయ్యారు, పది అయ్యారు. మార్చిలో ఒక లారీ వచ్చి మిషన్లు ఎక్కించుకుపోయింది. కంపెనీ వియత్నాం పోయిందని లారీ డ్రైవరే చెప్పాడు.

ఆరోగ్యమ్మకు నిద్ర పట్టేది కాదు. నల్లబడిన ఆ వేలు కళ్లముందు కదిలేది. పొద్దున్నే ఆ కిటికీ చెక్కలు తడిబట్టతో తుడిపించి ఉంటే ఎలా ఉండేదో అనుకునేది. గూడెం పిల్ల ఒకతి ఆ రోజు దారం తెంపుకుని కంగారుపడింది, దాన్ని వెనక వరుసలో కూర్చోబెట్టాల్సింది అనుకునేది. తిరుప్పూరులో ఇరవై రెండేళ్లు చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకపోయిందే అని తనను తానే తిట్టుకునేది. కన్నమ్మ ఎదురుపడుతుందేమోనని సంతకు వెళ్లడం మానేసింది.

ఏప్రిల్లో ప్రసూన వచ్చింది. రావలసిన పని లేదు. ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు. మొహం చూపించకుండా ఉండలేకపోయానంది. ఆరోగ్యమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఒకటే అడిగింది.

"దుమ్ము వల్లనేనా మేడం?"

ప్రసూనకు ముందు అర్థం కాలేదు. ఆరోగ్యమ్మ ఆ వేలి సంగతి చెప్పింది. దుమ్ము వల్ల కాదంటూ ప్రసూన నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ చొక్కాలన్నీ యూరప్‌కు పోయేవి. వియత్నాంకు యూరప్‌తో ఒప్పందం ఉంది. అక్కడ కుట్టినదానికి సుంకం తగ్గుతూ పోతుంది. పైగా కొరియా బట్టతో కుట్టినా ఆ తగ్గింపు వర్తిస్తుంది. ఈ కంపెనీకి బట్ట మిల్లు కొరియాలోనే ఉంది. మన దేశానికి అప్పటికి అలాంటి ఒప్పందం లేదు. ఇక గుండీలు, జిప్పులు, దారం, అట్టపెట్టెలు చేసేవాళ్లంతా అక్కడ ఫ్యాక్టరీల చుట్టూనే ఉన్నారు. ఒక గుండీ తక్కువైతే మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఓడరేవు గంట దూరం. అదే సత్తుపల్లికైతే బట్ట విశాఖపట్నంలో దిగాలి, లారీ ఎక్కాలి, మళ్లీ చొక్కాలై అదే దారిన పోవాలి. ఇదే కంపెనీతో వ్యాపారం చేసే మరో నాలుగు కంపెనీలు ముందే అక్కడున్నాయి. ఒకరిని చూసి ఒకరు వెళతారు.

ఆరోగ్యమ్మ వింటూ వింటూ తల ఊపింది. లైను నడిపిన మనిషి. ఒక డబ్బా గుండీలు రాక నలభై మంది చేతులు ముడుచుకు కూర్చున్న రోజులు ఆమెకు తెలుసు. తనే ఆ కంపెనీ యజమాని అయినా అక్కడికే పోయేదాన్నని అర్థమైంది. అది అర్థమవడమే ఎక్కువ బాధగా ఉంది.

"మరి మా పిల్లల కుట్టు సూడనే లేదా?"

"చూశారు. చాలా బాగుందన్నారు. కానీ కుట్టు ఒక్కటే చూసి కంపెనీ రాదు ఆరోగ్యమ్మ గారూ. ఆ మాట నేను మీకు మొదటే చెప్పాల్సింది. మూడు చోట్లు చూస్తున్నారని నాకు తెలుసు. మీరు అంత ఉత్సాహంగా ఉంటే చెప్పలేకపోయాను."

ఆరోగ్యమ్మకు ఆవిడను తప్పు పట్టాలనిపించలేదు. తను కన్నమ్మకు చెప్పిన మాట ఇంకా పెద్దది.

మర్నాడు బస్సెక్కి గూడేనికి వెళ్లింది. కన్నమ్మ మిరపకోతకు పోయి అప్పుడే వచ్చింది. మంటకు ఎర్రబడిన వేళ్లు నీళ్ల బకెట్టులో పెట్టుకుని కూర్చుంది. ఆ ఏటికి నర్సింగు సీటు కోసం మళ్లీ రాసినా వస్తుందో రాదో తెలియదు, వచ్చినా మూడేళ్లు ఇల్లు ఎలా గడవాలో తెలియదు. ఆరోగ్యమ్మ ప్రసూన చెప్పిందంతా చెప్పింది. తన మాట నమ్మి నష్టపోయావని ఏడ్చింది. మంచం మీద నుంచి గంగక్కే అంది.

"నువ్వు అబద్ధమాడలేదు గదక్కా. నీకు గట్ల చెప్పిండ్రు, నువ్వు గట్లనే చెప్పినవ్."

ఆ తర్వాత వాళ్లు చేసింది ఒకటే. ఆరోగ్యమ్మ తిరుప్పూరులో తన పాత మేనేజరుకు ఫోను చేసింది. జూన్‌లో కన్నమ్మ అక్కడ పనికి రైలెక్కింది. గంగక్క బాధ్యత ఆరోగ్యమ్మ తీసుకుంది. ఆదివారం చర్చిలో పూజ అవగానే బస్సెక్కి గూడెం వెళ్లేది. బియ్యం, పప్పు సర్ది, నీళ్లు కాచి, నెలకోసారి భద్రాచలం తీసుకెళ్లి, రక్తం బొట్టుబొట్టుగా దిగుతున్నంతసేపూ పక్కన కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. గంగక్క నిద్రపోతే ఆరోగ్యమ్మ జపమాల తిప్పుకునేది. కన్నమ్మ ఫోను చేస్తే మాత్రం స్పీకరు పెట్టి, అమ్మ బాగుందని ఇద్దరూ కలిసి చెప్పేవాళ్లు.

రెండో ఏడాది ఆగస్టులో వాగులు పొంగాయి. ఐదు రోజులు బస్సు లేదు. ఆరో రోజు ఆరోగ్యమ్మ ట్రాక్టరు మీద వాగు దాటి వెళ్లేసరికి గంగక్క జ్వరంతో కాలిపోతోంది. కళ్లు పచ్చబడ్డాయి. అంబులెన్సు వాగు అవతలే ఆగింది. గూడెంవాళ్లు మంచం మీద మోసుకెళ్లడానికి తాళ్లు కడుతుండగానే, పట్టపగలు, ఆరోగ్యమ్మ చేయి పట్టుకుని గంగక్క పోయింది.

వానలో ఆపలేక ఆ సాయంత్రమే మట్టి చేశారు. కన్నమ్మ సెలవు అడిగి, రైలు దొరికించుకుని వచ్చేసరికి మూడో రోజు. తిన్నగా ఇంట్లోకి వచ్చి, ఖాళీ మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

"అమ్మ ఏమన్నా అన్నదా టీచరమ్మా?"

అన్నది. కానీ కోయ మాటలో అన్నది. ఆరోగ్యమ్మకు ఆ భాష రాదు. రెండుసార్లు అదే మాట అంటే, అర్థం కాకపోయినా మరిచిపోకూడదని మనసులో పదేపదే అనుకుంటూ మూడు రోజులు మోసింది. ఇప్పుడు దాన్ని తడబడుతూ, ఉన్నదున్నట్టు పలికింది.

కన్నమ్మ మళ్లీ ఒకసారి అనమంది. విని, తల దించుకుంది.

"కట్టెలు తడుస్తున్నయంట. లోపలెయ్యమన్నది," అంది.

కాసేపటికి లేచి బయటికి వెళ్లింది. చూరు కింద కట్టెలు అప్పటికే నాని నల్లబడి ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి లోపలికి తేవడం మొదలుపెట్టింది. ఆరోగ్యమ్మ కూడా కొంగు బిగించి చేయి వేసింది. ఇద్దరూ కలిసి, అన్నీ అయ్యేదాకా మోశారు.